నానావతి యభియోగము: సంఘాభిమానమును న్యాయమును

ఏ సంఘమువారికైనను తమలో బుట్టిన కవులను, దాతలను, విద్యాధికులను జ్ఞాపకముంచుకొనుట సులభము. వారు మావారని చెప్పుకొనుటలో దోషమును లేదు. కాని తమలో బుట్టినవా డొకడు నరహత్య చేసి న్యాయస్థానమున నిలిచినపుడు ఆ సంఘ మేమి చేయవలయును? మావాడు కాడని త్రోసివేయవలయునా? లేక సభలు చేసి, విన్నపము లంపి, పత్రికలలో వ్రాయించి, వాని చేతి కంటిన రక్తమును కడుగ బ్రయత్నింపవలయునా? ఈ ప్రశ్నను మన వార్షికసభలలో సాధారణముగా నెవ్వరును ఎత్తరు. మంగళప్రదమైన సంచికలో హత్యాప్రసంగ మేల యని కొందఱు పెద్దలు శంకింపవచ్చును. అయినను చరిత్ర మనకు శుభవిషయములను మాత్రమే బోధించుటకు గాదు గదా! తప్పటడుగులను జూపి హెచ్చరించుటయు దాని పనియే. కావున బొంబాయి నగరమున 1959 సంవత్సరమున జరిగిన యొక వృత్తాంతమును సోదరుల యెదుట నుంచుచున్నాను.

ఆ వృత్తాంతమున హంతకుడు పారశీకుడు, హతుడు సింధీ. ఉభయులలో నెవ్వరును ఆంధ్రులు కారు. ఐనను ఆంధ్రులకు దీనితో సంబంధము లేకపోలేదు. నాడు నౌకాదళాధిపతి కటారి రామదాసుగారు. ఆ పదవి నలంకరించిన మొదటి భారతీయు డాయనయే. తుదకు ఆ యభియోగమునకు ముగింపు వ్రాసిన న్యాయమూర్తి రాజమహేంద్రవరమున జన్మించిన కోకా సుబ్బారావుగారు. ఈ సంబంధముకంటె ముఖ్యమైనది మఱియొకటి కలదు. రెండు సంఘములు, ఒక పత్రిక, ఒక నగరము ఒక హంతకుని మనస్సును గూర్చి వాదులాడుకొన్న తీరు నేటికిని మనకు బాఠమే.

సంఘటనము

కావస్ మానెక్‌షా నానావతి భారత నౌకాదళమున కమాండరు. మైసూరు అను యుద్ధనౌకకు ద్వితీయాధికారి. 1949లో ఇంగ్లండునందలి పోర్ట్స్‌మత్తు పట్టణమున సిల్వియా యను నాంగ్లవనితను వివాహమాడెను. వారికి మువ్వురు బిడ్డలు. ఉద్యోగధర్మముచే నతడు మాసములకొలది సముద్రముమీద నుండుట తప్పలేదు. బొంబాయిలో కాపురమున్న కాలమున ప్రేమ్ ఆహూజా యను మోటారుకార్ల వ్యాపారితో ఆ దంపతులకు బరిచయ మేర్పడెను. ఆహూజా యవివాహితుడు, సోదరితో గలిసి యొక మేడలో నివసించుచుండెను. పరిచయము క్రమముగా సిల్వియాకును ఆహూజాకును మధ్య నక్రమస్నేహముగా బరిణమించెను.

1959 ఏప్రిలు 27వ తేదీ మధ్యాహ్నము భార్య యీ సంగతిని భర్తకు దెలిపెను. తాను జీవింపననియు, తన్ను తాను కాల్చుకొందుననియు నతడు పలికినట్లును, ఆమె వారించినట్లును తరువాతి సాక్ష్యమువలన దెలియుచున్నది. పిమ్మట నతడు భార్యను, తన బిడ్డల నిద్దఱిని, పొరుగింటి బిడ్డ నొకనిని కారులో నొక సినిమాశాలకు గొనిపోయి దింపి, ఆట ముగియు వేళకు వచ్చెదనని చెప్పి, తన నౌకకు బోయెను. రాత్రి యొంటరిగా అహమ్మదునగరమునకు కారులో బోవలసియున్నదని కల్పించి చెప్పి, నౌకా భాండాగారమునుండి యొక రివాల్వరును ఆఱు తూటాలను దీసికొనెను. మొదట ఆహూజా కార్యాలయమునకు బోయెను. అచ్చట నతడు లేడు. అటనుండి యతని యింటికి బోయి, శయనగృహమున బ్రవేశించి తలుపు మూసెను. సిల్వియాను బెండ్లియాడి బిడ్డలను సంరక్షింతువా యని యడిగెను. అందులకు ఆహూజా తిరస్కారముగా బదులు చెప్పెనట. మూడు గుండ్లు పేలెను. స్నానము చేసి వచ్చి తువ్వాలతో నున్న ఆహూజా యచ్చటనే కూలెను. మధ్యాహ్నము ఒంటిగంటన్నరకు ఇల్లు వెడలిన నానావతి సాయంకాలము నాలుగుగంటల యిరువది నిమిషములకు హంతకుడయ్యెను. పిదప స్వయముగా బోయి పోలీసు డిప్యూటీ కమీషనరునకు లొంగిపోయెను.

ఇంతవఱకు గల విషయములలో వివాదము స్వల్పము. వివాద మంతయు నతని హృదయమును గూర్చినదే. రివాల్వరు దన కొఱకు దీసికొనెనా, ఆహూజా కొఱకు దీసికొనెనా? గుండ్లు పెనుగులాటలో బేలెనా, గుఱిచూచి పేల్చబడెనా? కోపావేశమా, పూర్వసంకల్పమా? ఈ ప్రశ్నలకు సమాధానము న్యాయస్థానము చెప్పకమునుపే నగరము చెప్పివేసెను.

విచారణము

ఆ సంవత్సరము సెప్టెంబరునందు గ్రేటరు బొంబాయి సెషన్సు న్యాయాధిపతి మెహతాగారి యెదుట విచారణ మారంభమయ్యెను. తొమ్మండుగురు సభ్యులతో గూడిన ప్రత్యేక జ్యూరీ కూర్చుండెను. ముద్దాయి పక్షమున కార్ల్ ఖండాలావాలా వాదించెను. ఈయన న్యాయవాది మాత్రమే కాక చిత్రకళావిమర్శకుడుగ గూడ బ్రసిద్ధుడు. ఆహూజా సోదరి పక్షమున ప్రాసిక్యూషనునకు దోడ్పడిన యువకుడగు రాం జేఠ్మలానీ తరువాతి కాలమున దేశమున సుప్రసిద్ధుడయ్యెను.

ముద్దాయి వాదమేమన: ఆహూజాను శిక్షించుటకు దాను బోలేదు, మాటలు మించి పెనుగులాట జరుగగా గుండ్లు ప్రమాదవశమున బేలెను, కాదన్నను, తీవ్రమును ఆకస్మికమును నగు కోపకారణమున జరిగినది హత్య యనిపించుకొనదు. ప్రాసిక్యూషను వాదము వేఱు. పెనుగులాటయే జరిగియున్నచో ఆహూజా నడుమునందలి తువ్వాల చెక్కుచెదరక యుండుట యెట్లు? అబద్ధము చెప్పి యాయుధము దెచ్చుకొన్నవాడు ఆలోచన లేక వచ్చినవా డగునా? గుండు ప్రమాదవశమున బేలినదను మాట నతడు ఆ సాయంకాలము తన్ను గలిసిన యధికారులలో నొక్కరితోనైన జెప్పియుండలేదు గదా?

జ్యూరీవారిలో నెనమండుగురు ముద్దాయి నిర్దోషి యనిరి. ఒక్కరు మాత్రము దోషి యనిరి. ఇట్టి తీర్పును వివేకవంతు లెవ్వరును ఈయజాలరని న్యాయాధిపతి యభిప్రాయపడి, నాటి క్రిమినలు విచారణ స్మృతియందలి 307వ సెక్షను ననుసరించి విషయమును హైకోర్టునకు నివేదించెను. హైకోర్టున శేలత్, నాయక్ న్యాయమూర్తులు సాక్ష్యమంతయు మఱల బరిశీలించి, 1960 మార్చి 11వ తేదీన ముద్దాయి హత్యాదోషి యని తీర్మానించి, యావజ్జీవ కారాగారశిక్ష విధించిరి.

ఎనమండుగురు పౌరులకు గనబడని దోషము న్యాయమూర్తులకు గనబడుటకు గారణమేమి? జ్యూరీకి న్యాయాధిపతి చేసిన బోధనలో ధర్మశాస్త్రసంబంధమైన లోపములు కలవని పై న్యాయస్థానములు చెప్పిరి. ప్రమాదమని చెప్పుకొనువాడే దానిని నిరూపింపవలయునను నియమమును జ్యూరీకి స్పష్టముగా దెలుపకపోవుట వానిలో నొకటి. అది సత్యమే. అంతకుమించి, ఆ తొమ్మండుగురు న్యాయశాలలో వినిన సాక్ష్యముతోబాటు వీథిలో వినిన సాక్ష్యము గూడ నొకటి కలదని పలువుర యభిప్రాయము. దాని గూర్చి విశదముగా జెప్పవలసియున్నది.

పత్రికయు వీథియు

1941లో స్థాపితమైన బ్లిట్జ్ అను ఆంగ్ల వారపత్రికకు రూసీ కరంజియా సంపాదకుడు, ఆయనయు బారశీకుడే. ధైర్యసాహసములకు బేరువడిన పత్రిక యది. ప్రభుత్వమును, ధనవంతులను నిర్భయముగా నెదిరించెడిది. నానావతి విషయమున నా పత్రిక సంశయమునకు దావీయక యొక పక్షము వహించెను. నానావతి సత్యసంధుడు, దేశసేవకుడు, వంచితుడైన భర్త. ఆహూజా ధనమదాంధుడైన విలాసి, పరదారాపహారి. ఈ రెండు చిత్రములు వారము వారము పాఠకుల కన్నులయెదుట నిలుపబడెను. పావలా వెలగల సంచిక రెండు రూపాయలకు జెల్లెనని చెప్పుదురు. వీథులలో నానావతి రివాల్వర్లని పిల్లల యాటబొమ్మలును, ఆహూజా తువ్వాల లని తువ్వాలలును విక్రయింపబడెనట! ఒక మనుష్యుని మరణము బజారున నాటవస్తు వగుట కంటె శోచనీయ మేమి కలదు?

పత్రిక చెప్పిన దంతయు నసత్య మనలేము. నానావతి సచ్చరిత్రుడైన యధికారి యని తోటివారు న్యాయస్థానముననే సాక్ష్యమిచ్చిరి. ఆహూజా ప్రవర్తన మెచ్చదగినది కాదనుటయు స్పష్టమే. సిల్వియా యతనికి వ్రాసిన లేఖలు న్యాయస్థానమున జదువబడెను. కాని సత్యములో గొంత భాగమును బెద్దదిగ వ్రాసి, మిగిలిన భాగమును చిన్నదిగ వ్రాయుట యసత్యము చెప్పుటకంటె హానికరము. భాండాగారమున జెప్పిన అహమ్మదునగరపు గట్టుకథ, మూయబడిన తలుపు, చెదరని తువ్వాల — ఇవి యా వీరచిత్రమున నిమిడెడివి కావు.

మఱియొక లోపము గలదు. ఇరుపక్షముల కథలలోను ఇద్దఱకు నోరు లేదు. ఆహూజా మృతుడు, తన నడవడికి గాని, తుది నిమిషముల పలుకులకు గాని సమాధానము చెప్పుకొనలేడు. ఆ గదిలో బలికిన మాటలకు సాక్షి హంతకు డొక్కడే. సిల్వియా జీవించియుండియు, ముద్దాయి పక్షమున సాక్ష్యమిచ్చియు, పత్రికలచేత దారితప్పి పశ్చాత్తాపపడిన యిల్లాలుగ మాత్రమే చిత్రింపబడెను. ఆమె దుఃఖమును, ఒంటరితనమును, నిర్ణయములను గూర్చి యామె పక్షమున నాలోచించినవా రరుదు. గౌరవ మను మాట పురుషుని గౌరవమను నర్థముననే వాడబడెను.

సంఘములు గూడ రంగమున బ్రవేశించెను. పారశీకులు సంఖ్యచే నల్పులు. శతాబ్దములకు బూర్వ మీ దేశమునకు వచ్చి, విద్యచేతను దానముచేతను బొంబాయికి వన్నె దెచ్చినవారు. వారు కావస్‌జీ జహంగీరు మందిరమున మహాసభ చేసి నానావతి యెడ సానుభూతిని వెల్లడించిరి. లోపల జోటు చాలక వేలకొలది జనులు వెలుపల నిలిచిరి. సింధీలు 1947 దేశవిభజనమున సర్వస్వమును గోల్పోయి వచ్చినవారు. వ్యాపారముచే నప్పుడప్పుడే నిలద్రొక్కుకొనుచుండిరి. వారు ఆహూజా సోదరి పక్షమున నిలిచిరి. ఒక సంఘము తన వానియందు వీరుని జూచెను. రెండవ సంఘము తనవా డొకడు చంపబడుటయే కాక, చచ్చినపిమ్మటను పత్రికలచేత జంపబడుచున్నాడని బాధపడెను. ఉభయులకును బాధపడుటకు గారణము లుండెను. కాని ఉభయులును ఒక హత్యను రెండు సంఘముల గౌరవాగౌరవముల తూనికగా మార్చిరి. త్రాసు న్యాయస్థానమున నుండవలసినది, వీథిలో నుంచబడెను.

గవర్నరు ఉత్తరువు

హైకోర్టు తీర్పు చెప్పిన దినముననే బొంబాయి గవర్నరగు శ్రీప్రకాశగారు రాజ్యాంగమునందలి 161వ అధికరణము ననుసరించి యొక యుత్తరువు చేసిరి. సుప్రీముకోర్టున నప్పీలు తీరువఱకు శిక్ష యమలు నిలిపివేయబడవలయుననియు, అంతవఱకు నానావతిని నౌకాదళపు నిర్బంధముననే యుంచవలయుననియు దాని సారాంశము. విచారణ కాలమునుండియు నతడు నౌకాదళపు టధీనముననే యుండెను. హైకోర్టు పంపిన వారంటు ఈ యుత్తరువు కారణముగ నమలుగాక తిరిగివచ్చెను.

ఈ శ్రీప్రకాశగారు తెలుగువారి కపరిచితులు కారు. 1953లో ఆంధ్రరాష్ట్ర మవతరించిన నాడు మదరాసు గవర్నరు వారే. సౌమ్యులు, విద్వాంసులు. కాని యీ యుత్తరువు దేశమున గొప్ప సంచలనమును గలిగించెను. సామాన్యునకు హైకోర్టు శిక్ష విధించిన క్షణమున జెఱసాల తలుపు తెఱచుకొనును. పలుకుబడి గలవాని కేల తెఱచుకొనదని జను లడిగిరి. అంతవఱకు నానావతిపై జాలిపడిన వారిలో గూడ గొంద ఱీ యుత్తరువును జూచి వెనుకకు దగ్గిరి.

1960 సెప్టెంబరు 5వ తేదీన సుప్రీముకోర్టు రాజ్యాంగధర్మాసనము నలుగురు న్యాయమూర్తు లొక వైపునను, కపూరు న్యాయమూర్తి యొక్కరు వేఱొక వైపునను నుండగా తీర్పు చెప్పెను. గవర్నరునకు క్షమాధికారము గలదు. కాని యప్పీలు సుప్రీముకోర్టు పరిశీలనయం దుండగా, శిక్షను నిలుపుట నిలుపకపోవుట యా కోర్టు చేయవలసిన పని. ఆ కాలమున గవర్నరు ఉత్తరువు చెల్లదు. అంతట నానావతి నౌకాదళపు నిర్బంధమును వీడి సామాన్య కారాగారమున జేరవలసివచ్చెను. దయ న్యాయమునకు దరువాత రావలయును గాని న్యాయమునకు ముందు రారాదను సూత్ర మీ తీర్పుచే స్థిరపడినది.

సుబ్బారావుగారి తీర్పు

1961 నవంబరు 24వ తేదీన తుది తీర్పు వెలువడెను. నడుమ 1960 మే 1వ తేదీన బొంబాయి రాష్ట్రము చీలి మహారాష్ట్రము గుజరాతు నేర్పడుటచే, అభియోగము మహారాష్ట్ర రాష్ట్రము పేర వ్యవహరింపబడినది. తీర్పు వ్రాసినవారు కోకా సుబ్బారావుగారు. 1902లో రాజమహేంద్రవరమున జన్మించి, మదరాసు హైకోర్టు న్యాయమూర్తియై, 1954లో గుంటూరున నెలకొల్పబడిన ఆంధ్ర హైకోర్టునకు బ్రథమ ప్రధానన్యాయమూర్తియై, 1958లో సుప్రీముకోర్టు జేరిన మేధావి. 1966లో దేశమునకే ప్రధానన్యాయమూర్తి యయ్యెను.

ఆ తీర్పున నాకు మిక్కిలి గొప్పదిగా దోచినది దాని మనోధర్మ పరిశీలనము. పత్రికలు నానావతి మంచివాడా చెడ్డవాడా యని యడుగుచుండెను. సుబ్బారావుగా రాప్రశ్న నడుగలేదు. వారడిగినది వేఱు: ముద్దాయి యే సమాజమున బెరిగెనో ఆ సమాజమునకే చెందిన వివేకవంతుడగు సామాన్యమానవు డట్టి స్థితిలో నాత్మనిగ్రహమును గోల్పోవునా? మాటలును సైగలును గూడ నొక్కొకచో దీవ్రమైన కోపకారణము గావచ్చును. పూర్వము జరిగిన విషయములచే మనస్సున బేరుకొన్న వేదనయు లెక్కింపదగినదే. కాని దెబ్బ యా యావేశమునుండి నేరుగా బుట్టవలయును. కాలము గడచి కోపము చల్లారి, ఆలోచనకు దావేర్పడిన పిమ్మట జేసిన పని కా మినహాయింపు వర్తింపదు.

ఈ కొలతతో గొలువగా, భార్య చెప్పిన మాట నానావతిని క్షణకాలము వివశుని జేసియుండవచ్చును; దానిని న్యాయస్థానము కాదనలేదు. కాని పిమ్మట నతడు భార్యాబిడ్డలను సినిమాశాలకు గొనిపోయెను, నౌకకు బోయెను, కారణము కల్పించి యాయుధము సంపాదించెను, కార్యాలయమునకు బోయెను, ఇంటికి బోయెను. ఇంచుమించు మూడుగంటల కాలము గడచెను. ఆ కాలమున నతడు తనబిడ్డల భవిష్యత్తును గూర్చి గూడ నాలోచించుచుండెను. అట్లాలోచింప గలిగినవాడు తన్ను తాను నిగ్రహించుకొనజాలనివాడు కాడని తీర్పు. పెనుగులాట వాదమును గూడ నిరాకరించి, హైకోర్టు విధించిన శిక్షను స్థిరపఱచిరి.

ప్రేరణ వేఱు, ఉద్దేశము వేఱు అను భేద మిచ్చట విశదమగుచున్నది. ఏల చేసెను అనుదానికి నానావతి కథలో జాలిగొలుపు సమాధానము కలదు. ఏమి చేయవలయునని చేసెను అనుదానికి మూడు గుండ్లు సమాధానము. మొదటిదానిని విని రెండవదానిని మఱచుట జనుల స్వభావము. రెండింటిని విడదీసి చూచుట న్యాయమూర్తి ధర్మము. నానావతిని రాక్షసుడని చెప్పక యే హంతకుడని నిర్ణయింప వచ్చునని యీ తీర్పు లోకమునకు జూపినది. 1860 నాటి శిక్షాస్మృతి స్థానమున 2024 జూలై 1వ తేదీనుండి భారతీయ న్యాయసంహిత వచ్చినను, తీవ్రాకస్మిక కోపకారణమను మినహాయింపు నూటయొకటవ సెక్షనున నట్లే నిలిచియున్నది.

క్షమాభిక్ష

కథ యచ్చట ముగియలేదు. 1964లో మహారాష్ట్ర గవర్నరగు విజయలక్ష్మీ పండిట్‌గారు నానావతిని క్షమించిరి. అదే తఱుణమున దిగుమతి లైసెన్సుల విషయమున శిక్షింపబడిన భాయి ప్రతాపు అను సింధీ ప్రముఖునకు గూడ క్షమాభిక్ష లభించెను. ఈయన స్వాతంత్ర్యోద్యమమున బాల్గొన్నవాడు. శరణార్థుల కొఱకు గాంధీధామమును నిర్మింప బాటుపడినవాడు. ఒక పారశీకునకు, ఒక సింధీకి నొక్కమాఱే దయ చూపబడుటచే నే సంఘమునకును గొఱత యుండదని తలచిరనియు, ఆహూజా సోదరి వ్రాతపూర్వకముగ సమ్మతించెననియు జేఠ్మలానీ తరువాత వెల్లడించెను. నానావతి కుటుంబముతో 1968లో కెనడాకు వెడలిపోయి, 2003లో నచ్చటనే మరణించెను.

ఈ యభియోగమును గూర్చి జనశ్రుతిలో నొక పొరపాటు వ్యాపించియున్నది. దీనివలననే దేశమున జ్యూరీపద్ధతి రద్దయ్యెననియు, ఇదియే తుది జ్యూరీ విచారణ మనియు జెప్పుదురు. అది సరికాదు. జ్యూరీని దొలగింపవలయునని న్యాయసంస్కరణ సంఘము 1958లోనే, అనగా హత్యకు బూర్వమే, తన పదునాల్గవ నివేదికలో సూచించెను. 1973 నాటి క్రొత్త స్మృతి 1974 ఏప్రిలునుండి యమలుజరుగు వఱకు గొన్నిచోట్ల జ్యూరీ విచారణములు సాగినవి. పారశీకుల వివాహవ్యవహారములలో నేటికిని ప్రతినిధులు న్యాయాధిపతితో గూర్చుండుట కలదు. జ్యూరీకి గల దౌర్బల్యము నందఱి కన్నులకు గట్టినట్లు చూపినది మాత్ర మీ యభియోగమే.

చలనచిత్రములవారు గూడ నీ కథను విడువలేదు. 1963లో యే రాస్తే హై ప్యార్ కే యను హిందీ చిత్రమున మదనపల్లె వంశీకురాలగు లీలానాయుడు నాయికగ నటించెను. 1973లో అచానక్, 2016లో రుస్తుం వచ్చినవి. ఇట్లు హంతకుని కథ మరల మరల జెప్పబడుచున్నది. హతుని కథ చెప్పినవారు లేరు.

పత్రికా విచారణమను వ్యాధిని గూర్చి ఆంధ్రుడగు జస్టిసు మామిడన్న జగన్నాథరావుగారి యధ్యక్షతను న్యాయసంస్కరణ సంఘము 2006లో తన రెండువందలవ నివేదికను సమర్పించెను. ముద్దాయి యరెస్టయిన నాటినుండియే పక్షపాతము గల్గించు వ్రాతలకు హద్దుండవలయునని యందు సూచింపబడినది. నానావతి కాలమున వారమున కొక సంచిక. నేడు చేతిలోని ఫోనున క్షణమున కొక సంచిక. కావున నా సూచన నేడు మఱింత యాలోచింపదగినది.

మన కర్తవ్యము

ఇంతవఱకు జెప్పినది పరుల కథ. నా కథ నొకదానిని జెప్పి ముగింతును. పెక్కు సంవత్సరములకు బూర్వము మా తాలూకాలో మన సంఘపు యువకు డొకడు పొలముగట్టు తగవులో నొకనిని గొట్టి చంపెనని యభియోగము వచ్చెను. పెద్దలు చందాలు పోగుచేసిరి. వకీలును నియమించిరి, అంతవఱకు సరియే. కాని ఒక కరపత్రమును గూడ నచ్చొత్తించి యూరూర బంచిరి. ఆ కరపత్రమును వ్రాసినవాడను నేను. మృతుడు త్రాగుబోతనియు, జగడగొండి యనియు, గ్రామమున నెల్లరకు బీడ యనియు నేను విని వ్రాసితిని, విచారించి వ్రాయలేదు. కొన్ని నెలల పిమ్మట నొక సంతలో నొక వృద్ధురాలు నన్ను నిలిపి, మడతలు చినిగిన యా కాగితమును జూపి, "అయ్యా, మీరు నా కొడుకును ఎప్పుడైనా చూచినారా?" అని మాత్ర మడిగెను. నేను చూచియుండలేదు. ఆమె మఱేమియు ననక పోయెను. ఆ ప్రశ్నకు నే డీ వ్యాసమున సమాధానము చెప్పుచున్నాను: అమ్మా, చూడలేదు, చూడకయే వ్రాసితిని, తప్పు చేసితిని.

అందువలన మన సంఘమువారికి నేను విన్నవించున దిది. మనవా డెవ్వడైన నభియోగమున జిక్కినపుడు అతడు పేదవా డైనచో సమర్థుడగు వకీలును నియమించి యిత్తము, అది సంఘధర్మము. అతని భార్యాబిడ్డలను బోషింతము; వారు నేరము చేయలేదు. కాని న్యాయశాల వెలుపల సభలు చేయకుందము. మృతుని శీలమును గూర్చి మన పత్రికలో నొక్క పంక్తియు నచ్చొత్తకుందము. మృతు డే సంఘమువా డైనను, మన పెద్ద లిరువురు పోయి యాతని యింటివారిని బలుకరింపవలయును. శిక్షపడిన పిమ్మట దయను గోరుట తప్పుగాదు. కాని తీర్పునకు ముందు దయను గోరుట న్యాయమును బెదరించుటయే.

కులాభిమానము దీపమువంటిది. ఇంటిలో వెలిగించుకొన్నచో వెలుతురు నిచ్చును. న్యాయాధిపతి కన్నులయెదుట బట్టినచో నాయనకు దారి కనబడనీయదు. బొంబాయిలో రెండు గౌరవనీయమైన సంఘములు దానిని న్యాయశాల వాకిటికి గొనిపోయినవి. మనము మన యింటిలోనే యుంచుకొందము. సోదరులు నా తప్పును మన్నించి, నా మాటను విచారింతురుగాక.

ఇత్యలమ్.